ఎవరి విషం వాళ్లకే

రోజారాణి కుడిచేతికి మోచేతి దాకా తడిగుడ్డ చుట్టి, దాని మీద మందపాటి దుప్పటి కప్పి, "కదలకక్కా, లోపటి విషం ఇప్పుడే కదులుతున్నది" అని చెప్పి అక్కడ పనిచేసే ముత్యం పక్కగదిలోకి వెళ్లాడు. విషం సంగతి ఏమోగాని, రోజారాణికి లోపలి నుంచి నవ్వు తన్నుకొస్తోంది. దాన్ని పళ్ల బిగువున ఆపుకొని, ముఖం నిండా భక్తి తెచ్చుకొని కూర్చుంది.

కరీంనగర్ బైపాస్ మీది ఈ విషహర శుద్ధి నిలయంలో భక్తి లేనివాళ్లకు చోటు లేదు. వరండా పొడుగునా చాపలు, చాపకొక మనిషి. ఒకరికి కాళ్లకు చుట్టారు, ఒకరికి పొట్టకు, ఇంకొకరికి మెడ నుంచి పాదాల దాకా. అందరూ కళ్లు మూసుకొని, ఒంట్లోని చెత్త ఎప్పుడు బయటికొస్తుందా అని ఎదురుచూస్తున్నారు. నిన్న మధ్యాహ్నం ఇదే వరండాలో, ఆ చివరి చాప మీద, ఒక మనిషి నురుగు కక్కుకొని చచ్చిపోయాడు. ఇవాళ అదే చాప మీద ఇంకొకాయన కూర్చొని సొరకాయ రసం తాగుతున్నాడు. మనుషుల మీద రోజారాణికి గౌరవం ఎప్పుడూ తక్కువే. ఈ వరండాలో అది ఇంకాస్త దిగింది.

చచ్చినవాడి పేరు రాయమల్లు. ఆదిలాబాద్ జిల్లాలో బోథ్ దగ్గరి పల్లెలో పత్తి రైతు. మూడు రోజుల శుద్ధికని వచ్చి మూడో రోజు శవమై తిరిగి వెళ్లాడు. పోస్టుమార్టం చేసిన డాక్టర్ పురుగుమందు అన్నాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శ్రీహరికి ఆ ఒక్క మాట చాలు. మధ్యాహ్నం డబ్బాలో తినడానికి జొన్న గట్క తెచ్చింది ఊళ్లో రూము తీసుకొని ఉన్న భార్య దేవవ్వ, పత్తి చేను ఉన్న ఇంటి మనిషి దేవవ్వ, కాబట్టి చంపింది దేవవ్వ. ఈ సాయంత్రం ఆమెను మేజిస్ట్రేటు ముందు పెట్టి రిమాండుకు పంపుతాడు. జైలు గేటు దాటాక బీదవాళ్ల కేసు ఎంత తీరిగ్గా నడుస్తుందో రోజారాణికి బాగా తెలుసు. ఎస్సైగా పదేళ్లు చేసి, పైవాళ్లతో పడక ఉద్యోగం మానేసి, ఇప్పుడు బస్టాండు ఎదుట జిరాక్స్ షాపు మీది గదిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. నిన్న రాత్రి దేవవ్వ అల్లుడు మల్లేష్ చొప్పదండి నుంచి ఫోన్ చేసి, "మా అత్త చీమకు గూడ అపకారం చెయ్యది మేడమ్" అని ఏడ్చాడు.

"అందరి అత్తలు అంతే. ఏడుపు ఆపి ఆశ్రమం పేరు చెప్పు" అంది రోజారాణి.

పొద్దున్నే పాత చీర కట్టుకొని, కోరుట్ల నుంచి వచ్చిన బీడీ కార్మికురాలినని చెప్పి చేరింది. చేరేటప్పుడే ఒక సంగతి ఆమె చెవికి తగిలింది. ఏం జబ్బు అని ముత్యం అడగలేదు. ఏ మందులు వాడుతున్నావనీ అడగలేదు. "ఏం పని జేస్తవక్కా? ఎన్నేండ్ల సంది?" ఇదొక్కటే అడిగాడు.

అరగంటకు గురూజీ వచ్చాడు. పేరు ఓంప్రకాశ్. తెల్ల లాల్చీ, తెల్ల గడ్డంతో పెళ్లికొడుకులా తళతళలాడుతున్నాడు. తన చేత్తోనే దుప్పటి తీసి, గుడ్డ విప్పి, నలుగురికీ కనపడేలా పైకెత్తాడు. తెల్లగుడ్డ మీద టీ ఒలికినట్టు మరక. పొగాకు కంపు గుప్పుమంది.

"చూసిన్రా? ముప్పై ఏండ్ల తంబాకు! రగతంల ఇంకిపోయిన విషం, ఒక్క చుట్టుకు ఎట్ల బయటికొచ్చిందో చూసిన్రా?" అన్నాడు.

చాపల మీదివాళ్లు "అబ్బా" అన్నారు. ఒకాయన దండం కూడా పెట్టాడు.

"గురూజీ, ఒక్క డౌటు" అంది రోజారాణి. "నేను బుద్ధెరిగిన కాన్నుంచి బీడీ ముట్టలే. మా ఇంట్ల తాగెటోళ్లు లేరు, చుట్టెటోళ్లు లేరు. మరి గీ తంబాకు ఎవలిది?"

ఓంప్రకాశ్ గుడ్డను గబగబా మడవబోయాడు. రోజారాణి పక్క చాప వైపు తిరిగింది. అక్కడ పడుకున్నాయన కాళ్ల గుడ్డకు నీలం మరకలు కనిపిస్తున్నాయి.

"నువ్వేం పని జేస్తవన్నా?"

"సిరిసిల్లల నూలుకు రంగులేస్త. నాకు నీలం వచ్చింది. నిన్న ఎర్రది వచ్చింది" అన్నాడాయన, సంబరంగా.

"ఇంటికి పో. రేపు పచ్చది గూడ వస్తది."

ఆమె లేచి, సంచిలోంచి కార్డు తీసి గురూజీ లాల్చీ జేబులో తనే పెట్టింది. అతడు చదివి, దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకొని, ఆమెను వెనక గదికి నడిపించాడు.

"శుద్ధి సంగతి మీకు తెల్వది మేడమ్" అన్నాడు తలుపు మూసి. "గాలిల విషం, నీళ్లల్ల విషం, కూరగాయలల్ల విషం. మనిషి పానం ఎంతని ఓర్సుకుంటది?"

"విషం ఉన్నదంటె నేను కాదంటలేను. రాయమల్లు బనీను మీద, ముక్కుకు గుడ్డ లేకుంట, పంపు వీపుకేసుకొని మందు కొట్టిండు. గదే చేత్తోని అన్నం తిన్నడు. గాలికి ఎదురు కొట్టద్దని గూడ ఎవ్వలు చెప్పలే. ఆయనకు మందు అమ్మినోడన్న చెప్పలే." రోజారాణి కుర్చీ లాక్కొని కూర్చుంది. "ఆదిలాబాద్‌ల పురుగుమందుల దుకాణం ఎందుకు మూసినవ్ ఓంప్రకాశ్?"

అతడు గడ్డం సవరించుకున్నాడు. "గది పాత సంగతి."

"పాతదైతేంది? ముందుగాల విషం అమ్మినవ్, ఇప్పుడు తీస్తున్నవ్. అడుసు తొక్కిచ్చినోనివి నువ్వే, కాలు కడిగెటోనివి నువ్వే. దేవుడు ప్రతి మనిషి పొట్టల కాలేయం పెట్టిండు, మూత్రపిండాలు పెట్టిండు. పైస అడగకుంట రాత్రింబగళ్లు విషం తీసుడే వాటి పని. నువ్వు వాటి నోటికాడి కూడు గుంజుకుంటున్నవ్."

మాటలతో పని లేదనుకొని ఆమె లేచి గుడ్డలు తడిపే చోటికి నడిచింది. చప్టా మీద రాగి బిందె, పక్కన అల్మారా. తాళం చెవి అడిగితే గురూజీ లేదన్నాడు. ముత్యం మాత్రం ఆమె ముఖం చూసి, మొలతాడుకున్న చెవి విప్పి ఇచ్చాడు. కింది అరలో రెండు గాజు జాడీలున్నాయి. ఒకదాంట్లో పొగాకు నానబెట్టిన నీళ్లు. రెండోదాంట్లో కాగితం పొట్లాల్లో కట్టిన అద్దకం రంగులు. వాటి పక్కన దుమ్ములో గుండ్రంగా ఖాళీ జాగా ఉంది. మూడో జాడీ అక్కడ ఉండేదని పసిపిల్లవాడైనా చెబుతాడు. ఆ జాగాను ఎవరో ఫినాయిలుతో శుభ్రంగా తుడిచారు.

"మూడోదాంట్ల ఏమున్నది?"

ఓంప్రకాశ్ ముత్యం వైపు ఉరిమి చూశాడు.

"బీడీలోళ్లకు పొగాకు, అద్దకపోళ్లకు రంగు. పత్తి రైతుకు ఏం కలుపుతరు ముత్యం? మల్లెపూల అత్తరా?"

ముత్యం గురూజీ వైపు చూడకుండా, చప్టా వైపు చూస్తూ చెప్పాడు. "మందే మేడమ్. పత్తిమందు. మొదటి రోజు బిందెకు సగం మూత, వాసన రానీకి. ఆఖరి రోజు వాసన గట్టిగ రావాలెనని గురూజీ ఎక్కువ పొయ్యమన్నడు."

"అబద్ధం!" అన్నాడు ఓంప్రకాశ్.

"నిన్న ఎన్నింటికి చుట్టిన్రు?"

"పదింటికి. పదకొండు కాకముందే నోట్లకెల్లి సొల్లు, కండ్లకెల్లి నీళ్లు, ఒళ్లంత చెమట. నేను పోయి చెప్పిన. గురూజీ వచ్చి చూసి, 'మంచిదే, విషం దారి పట్టింది, ఇంకో దుప్పటి కప్పు' అన్నడు. ఆయన పెండ్లాం గట్క తెచ్చేసరికి ఒంటి గంట దాటింది. ఆయన నోరు గూడ తెరవలేదు."

రోజారాణికి ఒళ్లు మండిపోయింది. పురుగుమందు గుడ్డతో శవంలా చుట్టి, ఊపిరాడక కొట్టుకుంటుంటే పైన ఇంకో దుప్పటి. దీన్ని వైద్యమని, ఇతన్ని గురూజీ అని పిలిచిన ప్రతి మనిషినీ నిలబెట్టి చెంప పగలగొట్టాలనిపించింది.

"కోర్టుల చెప్తవా?" అని ముత్యాన్ని అడిగింది.

"చెప్ప మేడమ్. నాకు పిల్లలున్నరు." అతడు వెనక్కి జరిగాడు.

ఓంప్రకాశ్‌కు ప్రాణం లేచొచ్చింది. "సాక్ష్యమేది మేడమ్? జాడీ లేదు. నీళ్లు మోరీల పోయినయ్. నిన్నటి గుడ్డ పద్ధతి ప్రకారం కాలవెట్టినం."

"మొదటి రోజు గుడ్డ?"

"గది ఇంటోళ్లకే ఇస్తం. తీసుకపోయి గంగల కలపాలె. గుడ్డ గంగల కలిస్తే మనిషి విషం గంగల కలిసినట్టు. ఇంట్ల ఉంచుకుంటే మళ్ల ఆ మనిషికే తిరిగొస్తది." నవ్వాడతను. "రాయమల్లు పెండ్లాం ఎప్పుడో కలిపి ఉంటది. గోదావరిని పోయి సాక్ష్యమడుగు."

రోజారాణి తన పొగాకు గుడ్డను కవర్లో వేసుకొని బయటపడింది. అది మోసానికి సాక్ష్యమే గాని చావుకు కాదు. నీళ్లల్లో కలిపిన గుడ్డను ఏ ప్రయోగశాల పరీక్షిస్తుంది?

పోలీస్ స్టేషన్లో శ్రీహరి భోజనం ముగించి పళ్లు కుట్టుకుంటున్నాడు. ఒకప్పుడు రోజారాణి కింద ప్రొబేషన్ చేసినవాడు. ఆ రోజుల్లో అక్కా అని గౌరవంగా పిలిచేవాడు. ఇప్పుడూ అక్కా అనే అంటాడు గాని ఆ పిలుపులో గౌరవానికి బదులు ఎకసెక్కెం వచ్చి చేరింది.

"రా అక్కా. బీడీలు చుట్టుడు మొదలువెట్టినవట గద?"

గురూజీ ఫోన్ ఇక్కడికి ఎంత తొందరగా వచ్చిందో అర్థమైంది. రోజారాణి కవర్ బల్ల మీద పడేసింది. "నువ్వు డాక్టర్ను సగమే అడిగినవ్ శ్రీహరీ. నేను పొద్దున ఆశ్రమానికి పోకముందే మిగతా సగం అడిగిన. మందు వాసన ఒంటి మీదున్నది, కడుపుల లేదు. తిన్నోని కడుపుల వాసన లేకుంట ఎట్లుంటది?"

"ఒంటి మీద కక్కుకున్నడు, వాసనొచ్చింది. కడుపు సంగతి ల్యాబోళ్లు చెప్తరు. నీ లెక్క నేను ముక్కుతోని కేసులు చెయ్య."

"అవును, నువ్వు కండ్లు మూసుకొని చేస్తవ్. మనిషికి సొల్లు మొదలైంది పదకొండుకు, గట్క వచ్చింది ఒంటి గంటకు. గా ఆశ్రమంల పత్తి రైతులకు పురుగుమందు కలిపిన నీళ్లతోని చుడుతున్నరు. వాళ్ల విషం వాళ్లకే చూపియ్యనీకి. నువ్వేమో డబ్బా పట్టుకొచ్చిన ముసలిదాన్ని పట్టుకున్నవ్. పుండొక చోట ఉంటే మందొక చోట పెట్టుడు నీకు ట్రైనింగ్‌ల నుంచే అలవాటు."

శ్రీహరి ముఖం ఎర్రబడింది. కాని వాడి దగ్గర ఇంకో ముక్క ఉంది. దాన్ని చివరికి దాచుకున్నాడు.

"నీ కథ మస్తున్నదక్కా. గని దేవవ్వ ఒప్పుకున్నది. నేను కొట్టలే, తిట్టలే. కూసోవెట్టి చాయ తాగిపిస్తే, 'నేనే సంపుకున్న సారూ' అన్నది. ఒక్కసారి గాదు, అడిగినప్పుడల్లా గదే మాట. పో, నువ్వే అడుగు. ఐదింటికి కోర్టు. గప్పటి దాక నీ ఇష్టం."

ఈ ఒప్పుకోలు రోజారాణి లెక్కలో లేదు. పైకి మాత్రం ఏమీ తెలియనివ్వలేదు.

దేవవ్వ లోపలి గదిలో గోడకానుకొని కూర్చుంది. కొంగు ముఖం మీద కప్పుకుంది. చేతులకు ఎర్రటి దద్దుర్లు. పత్తి కుప్పల మధ్య పడుకునే ఇళ్లల్లో అందరి చేతులూ అలాగే ఉంటాయి. శ్రీహరి గుమ్మంలో నిలబడ్డాడు, ఓటమి చూడటానికి వచ్చిన పొరుగువాడిలా.

"అవ్వా, నేను మీ అల్లుడు పంపిన మనిషిని. నువ్వు మొగన్ని సంపినవా?"

"సంపిన బిడ్డా."

"గట్కల మందు కలిపినవా?"

దేవవ్వ కొంగు తీసి వింతగా చూసింది. "థూ, గదేం మాట! ఆయనకు నేనెందుకు కలుపుత?"

రోజారాణి గుమ్మం వైపు ఒక్క చూపు విసిరింది. శ్రీహరి నుదురు ముడిపడింది. వాడు అడిగిన ప్రశ్న చంపావా అని. ఎలా చంపావని అడగాలని వాడికి తోచనే లేదు.

"మరి ఎట్ల సంపినవ్?"

"ఆశ్రమంల స్వామి చెప్పిన మాట వినకపోతిని." ఆమె చేతి దద్దుర్లు గోక్కుంది. "మొదటి రోజు సాయంత్రం ఆయన నాకు ఫోన్ చేసిండు. ఎన్నడు లేని సంబురం. 'దేవీ, నా ఒంట్లకెల్లి పత్తిమందు వాసనొస్తున్నదే! ఇన్నేండ్లు కొట్టిన మందంత ఎల్లిపోతున్నది. ఇంక దగ్గు రాదు, చేతులు వణకయి, మళ్ల నాగలి పడుత' అన్నడు. నాకు గూడ ఏడుపచ్చింది, సంతోషానికి."

 పురుగుమందు వాసన రాయమల్లు ముక్కుకు తెలియనిది కాదు. సీసా మూత తీయకముందే ఏ కంపెనీదో చెప్పగల మనిషి. వేరే ఎవరికైనా ఆ వాసన తగిలితే గుడ్డలు చింపుకొని పరుగెత్తేవారు. రాయమల్లు మాత్రం అది తన ఒంటి వాసనే అనుకున్నాడు. ముప్పై ఏళ్లుగా పీల్చింది ఇప్పుడు దిగిపోతోందని సంతోషంగా పడుకున్నాడు. ఈ కేసులో రోజారాణి అందరినీ చీదరించుకుంది, ఆ మనిషిని కూడా లోలోపల వెర్రివాడి కిందే జమకట్టింది. ఇప్పుడు ఆ చీదర తన మీదికే తిరిగింది.

"తర్వాత?" అంది మెల్లగా.

"గా గుడ్డ నాకిచ్చిన్రు. గంగల కలుపమన్నరు. ఇంట్ల ఉంటే విషం మళ్ల ఆయనకే వస్తదన్నరు. మంథని దాక పోయి రానీకి బస్సెక్కుత అనుకున్న. బస్టాండ్ల కూసోని గుడ్డ చూస్తే పాణం ఒప్పలే. కొత్తది బిడ్డా, మెత్తటి నూలు, ఐదు గజాలు. గంగల పారేసుడా అనిపిచ్చింది. కలుపలే. నా కక్కుర్తి ఆయనను తిన్నది. రెండో రోజు ఆయనకు తలనొప్పి, మూడో రోజు పాణమే పాయె. స్వామి చెప్పినట్టే విషం తిరిగొచ్చింది. నేను సంపినట్టు కాదా?"

గుమ్మంలో శ్రీహరి చేతులు కట్టుకొని నిలబడ్డవాడల్లా చేతులు దింపేశాడు. వాడు రాసుకున్న నేరాంగీకారం ఇది. రోజారాణికి వాడిని నాలుగు తిట్టాలనే కోరిక పుట్టలేదు. ఆమె ధ్యాసంతా గుడ్డ మీదే. గంగలో కలవని గుడ్డ. పురుగుమందు పీల్చుకొని, ఆశ్రమం చేతుల మీదుగా వచ్చిన గుడ్డ. అదొక్కటి చాలు, దేవవ్వ ఈ గదిలోంచి ఇంటికి పోతుంది, ఓంప్రకాశ్ ఈ గదిలోకి వస్తాడు.

"అవ్వా, నువ్వు ఎవ్వల్ని సంపలే. ఇను, నా మాట ఇను. గుడ్డల మందు స్వామే కలిపిండు. విషం తిరిగి రాలే, మొదటి సంది వాడు ఎక్కిస్తనే ఉన్నడు. నువ్వు గంగల కలపకపోవుడే నిన్ను కాపాడింది. గా గుడ్డ ఉతికినవా?"

"లేదు. గంగ నీళ్లల్ల తప్ప వేరే నీళ్లల్ల ముంచద్దన్నడు. గా ఒక్క మాటన్న తప్పద్దని ఉతుకలే."

"శాబాష్!" రోజారాణి ఆమె చేతులు పట్టేసుకుంది. "ఏడున్నది? రూమ్‌లనా?"

దేవవ్వకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. కాని స్వామే కలిపాడన్న మాట మెల్లమెల్లగా లోపలికి దిగుతోంది.  

"అల్లుడు వచ్చిండు మొన్న, మామను చూడనీకి. ఆయన చేతికిచ్చి పంపిన."

"మల్లేష్‌కా? ఎందుకు?"

"మా కోమల బాలింత బిడ్డా. నెల గూడ నిండలే. మనుమనికి పొత్తిగుడ్డలకు పనికొస్తదని..."

ఆ మాట ముగించకుండానే ఆమె రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది.

రోజారాణి అప్పటికే ఫోన్ తీసింది. తొందరలో మొదటిసారి వేరే నంబరు తగిలింది. రెండోసారి మోగింది. స్పీకర్ నొక్కింది. మోగుతూనే ఉంది. శ్రీహరి గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు, ముగ్గురూ ఆ ఫోన్ మీదికి వంగారు.

"మేడమ్, చెప్పుండ్రి." మల్లేష్ గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "జర మెల్లగ మాట్లాడుతున్న. కోమలకు మామ సంగతి ఇంక చెప్పలే."

"మల్లేష్, మీ అత్త పంపిన తెల్లగుడ్డ ఏడున్నది?"

"గదా? ముసురు పట్టింది గద మేడమ్, పాత గుడ్డలు ఒక్కటి గూడ ఆరలే. మా అవ్వ రాత్రి గా గుడ్డ చింపి ముక్కలు చేసింది. రాత్రి సంది గయ్యే సుడుతున్నం పిలగానికి. ఎందుకు?"

"తియ్! ఇప్పుడే తియ్! ఒంటి మీద గుడ్డపోగు ఉంచకు. సబ్బు పెట్టి ఒళ్లంత కడుగు, కడిగి పెద్ద దవాఖానకు ఉరుకు. పిల్లగాడు ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు మేడమ్, పండుకున్నడు. రాత్రంత ఏడ్వనే లేదు. నోట్లకెల్లి సొల్లు కారుతున్నది గని, సొల్లు కారితే మాటలు తొందరగ వస్తయని మా అవ్వ..."

దేవవ్వ ఫోన్ లాక్కుంది.  శ్రీహరి బయటికి పరుగెత్తి డ్రైవర్‌ను కేకేశాడు, జీపు స్టార్టయిన చప్పుడు వినపడింది. ఫోన్లో అవతల అడుగుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, మల్లేష్ ఏదో గాబరాగా చెప్పడం, ఆ వెనక కోమల గొంతు.

"ఎవలు, మా అవ్వనా? అవ్వకు చెప్పు, పాలకు లేపుదామంటే వీడు ఎంతకీ లేస్తలేడని."